తలుపు తీసిందా?

కొలోన్‌లో ఎరెన్‌ఫెల్డ్ వైపు వెళ్లే ట్రాములో లీలని చూసినవాళ్లెవరూ ఆమెని నాలుగు వందల ఏళ్ల రక్తపిశాచి అనుకోరు. పొట్టి మనిషి. చామనఛాయ దాటిన నలుపు. తలకి ఉన్ని టోపీ, భుజానికి గుడ్డసంచి, అందులోంచి తొంగిచూసే కొత్తిమీర కట్ట. సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేస్తుంది. ఆసుపత్రి వార్డుల్లో అరిగిన ఆ కాళ్లకి కూర్చోవడం ఇంకా అలవాటు కాలేదు. అయినా నిరుడు చలికాలానికి ముందు కొన్ని గురువారాల సాయంత్రాలు ఆమె జర్మనీలో చాలా ఇళ్లలోకి రక్తపిశాచిగానే వెళ్లింది. 'ఆల్ట్‌బ్లూట్' అనే టీవీ సీరియల్లో. పాత నెత్తురు అని దాని అర్థం. ఆరు భాగాలు వచ్చాయి. ఏడోది రాలేదు, ఇక రాదు.

లీలది నాయుడుపేట. జర్మన్ మిషన్ వాళ్లు కట్టించిన చర్చి పక్క సందులో పుట్టింది. ఇరవయ్యేళ్ల వయసులో ఆ మిషన్ వాళ్ల ద్వారానే కొలోన్ వచ్చి, నర్సు చదువు చదివి, ఒక పెద్ద ఆసుపత్రిలో చేరి, అక్కడే రిటైరైంది. ఉద్యోగంలో చివరి సగమంతా రక్తం తీసే గదిలోనే గడిచింది. ఎవరైనా పలకరించి చెయ్యి చాపితే ఆమెకి ముందు నరం కనిపించేది, తర్వాతే మనిషి. భర్త రవీంద్రనాథ్ పోయి చాలాకాలమైంది. కూతురు సహానా మ్యూనిక్‌లో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. అమ్మ తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెబుతుంది. ఆ ఇద్దరికీ అది వింతగా తోచే వయసు దాటిపోయింది.

నటన లీలకి పూర్తిగా కొత్త కాదు. చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకం వేసేవాళ్లు. మరియమ్మ వేషం తెల్లగా ఉండే పిల్లలకి పోయేది. లీలకి ఏటా ఒకటే వేషం, సత్రం యజమాని పెళ్లాం. మరియమ్మా యోసేపూ వచ్చి తలుపు కొడితే "చోటు లేదు, పోండి" అని తలుపు వేసెయ్యాలి. పాత్ర మొత్తం అంతే. ఒక ఏడు ఆ మాట నోట రాక, మరియమ్మ ముఖంలోకి చూస్తూ నిలబడిపోయింది. చర్చి అంతా ఊపిరి బిగబట్టింది. నాటకం అయ్యాక పాస్టరుగారు చెవి మెలిపెట్టి, "ఇంకాసేపైతే ప్రభువుని సత్రంలోనే పుట్టించేదానివి కదే!" అన్నారు.

సీరియల్లోకి మాత్రం వేషం కోసం వెళ్లలేదు. మ్యూల్‌హైమ్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీలో షూటింగ్ జరుగుతోందనీ, నటులకి సూది పట్టుకోవడం, చేతికి పట్టీ కట్టడం నేర్పడానికి ఒక నర్సు కావాలనీ పాత స్నేహితురాలు చెబితే వెళ్లింది. రెండో రోజు మధ్యాహ్నం మోకాళ్లు సలుపుతుంటే, ఎప్పుడూ చెయ్యని పని చేసింది. సెట్టు మీద ఒక కుర్చీ కనిపిస్తే కూర్చుంది. డైరెక్టరమ్మ కెమెరా వెనకనుంచి చూసి, "దయచేసి లేవకండి," అంది. లీల తన వల్ల ఏదో పాడైందేమోనని హడలిపోయింది.

ఆ కుర్చీ కావలిదానిది. ఆల్ట్‌బ్లూట్ మొదట ఒక ఆట. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, తలా ఒక పాత్ర మాటలు చెబుతూ ఆడే ఆట. జర్మన్ కుర్రాళ్లు కొందరు బడి రోజుల నుంచి నెరిసిన గడ్డాల దాకా ఆడుతూనే ఉంటారట. ఆ ఆటలో నగరం కింద రక్తపిశాచాల ఇల్లొకటి, దానికొక తలుపు, తలుపు దగ్గర కావలి. ఆట పుస్తకంలో ఆ కావలి ఆరడుగుల పైన మగవాడు, చేతిలో కత్తి. డైరెక్టరమ్మ కత్తి తీసేసి లీలని కూర్చోబెట్టింది. నూరేళ్లుగా రక్తం ముట్టని ముసలామె, ఎవరిని లోపలికి రానివ్వాలో చెయ్యి చూసి చెబుతుంది. మొదటి భాగంలో ఒక్క మాటే. మూడో భాగానికి ఒక పేజీ అయింది. ఏడో భాగంలో కథంతా ఆమె మీదే నడవాల్సి ఉంది.

తెలుగు క్రైస్తవ సహవాసంలో ఈ సంగతి తెలిసినప్పుడు కొంచెం గుసగుసలు నడిచాయి. ఆదివారం డ్యూసెల్‌డార్ఫ్‌లో కూడిక అయ్యాక, సంఘ పెద్ద సాముయేలు టీ గ్లాసుతో ఆమె పక్కకి వచ్చాడు. ఒంగోలు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"సిస్టర్, మరోలా అనుకోబాకండి. రక్తం తాగే పాత్రంట కదా?"

"తాగదు బ్రదర్. మానేసింది."

"అయినా... క్రైస్తవులుగా మన సాక్ష్యానికి..."

"ఇరవై ఏళ్లు జనం రక్తం సీసాలకి సీసాలు తీశాను. అప్పుడు ఒక్కరూ అడగలేదే ఈ మాట!"

పక్కనున్నవాళ్లు నవ్వేశారు. అందరికంటే గట్టిగా నవ్వినవాడు క్రిస్. గుంటూరు కుర్రాడు, డ్యూసెల్‌డార్ఫ్‌లో ఐటీ కంపెనీలో పని. లీల ఇంట్లో చేపల పులుసు తిన్న నాటి నుంచీ ఆమెకి ఉచిత డ్రైవరు, ఫోను బాగుచేసే మనిషీ అతనే. "ఆంటీ, మీరు మన కమ్యూనిటీకి ఫస్ట్ లేడీ వాంపైర్! రిలీజ్ రోజు కటౌట్ పెట్టి పాలాభిషేకం చేస్తాం చూడండి," అన్నాడు.

"పాలొద్దు నాయనా, పప్పు వండిపెట్టు చాలు," అంది లీల.

సీరియల్ మొదలైంది. ప్రేక్షకులు అభిప్రాయాలు రాసే వెబ్‌సైటు ఒకటి ఉందని క్రిసే చూపించాడు. సీరియల్ పేరు కింద నక్షత్రాలు, వాటి కింద జనం మాటలు. లీల రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లజోడు పెట్టుకుని అవన్నీ చదివేది. చదవడానికి గుండె దిటవు కావాల్సి వచ్చింది. ఆట ఆడేవాళ్లు కోపంగా ఉన్నారు. "ఇరవై ఏళ్లు ఆడిన ఆటని పాడుచేశారు." "వాంపైర్లంతా బ్యాంకు గుమాస్తాల్లా మాట్లాడుతున్నారు." ఆట తెలియనివాళ్లకి విసుగు. "ఎవరు ఎవరి మనిషో మూడు భాగాలైనా తెలియలేదు." కావలిదాని గురించీ రాశారు. "కత్తి పట్టిన యోధుడు ఉండాల్సిన చోట ఎవరి ఇండియా బామ్మనో కూర్చోబెట్టారు. ఆవిడ టీ అడుగుతుందేమోనని ఎదురుచూశాను." ఒక నక్షత్రం.

ఆ మాటకి లీలకి నవ్వు రాబోయి ఆగిపోయింది. వార్డులో చేరిన కొత్తల్లో ఇలాంటి మాటలు ముఖం మీదే వినేది. అప్పుడు జవాబు చెప్పడానికి భాష లేదు. ఇప్పుడు భాష ఉంది, కాని చెప్పి ఏం లాభం?

మూడో భాగం వచ్చిన మర్నాడు ఒక పెద్ద అభిప్రాయం కనిపించింది. రాసిన వ్యక్తి డ్రైమాల్ అని పేరు పెట్టుకున్నాడు. మూడుసార్లు అని దానర్థం. అతను ఇలా రాశాడు: "సీరియల్ బాగోలేదు. మాటలు పేలవం, చీకటి మరీ ఎక్కువ. కాని ఆ కావలామెని చూడండి. తలుపు దగ్గరికి వచ్చినవాడి చెయ్యి పట్టుకుని నరం మీద బొటనవేలు ఆనించింది. ఆకలిగొన్నవాళ్లు అలా చూడరు. జబ్బుమనిషి పక్కన కూర్చున్న అలవాటు ఉన్నవాళ్లే అలా చూస్తారు. నాకు తెలుసు. వారానికి మూడుసార్లు నా చెయ్యిని అలా చూస్తారు. ఎవరు ఆమె?"

లీల ఆ మాటలు చదివి ఫోను బోర్లించి, లేచి వెళ్లి గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. వారానికి మూడుసార్లంటే డయాలసిస్. అది ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమెని కదిలించింది వేరే. బొటనవేలు ఆనించమని డైరెక్టరమ్మ చెప్పలేదు. సూది గుచ్చే ముందు పేషెంటుకి 'నేనిక్కడే ఉన్నాను' అని చెప్పడానికి తనకి తానుగా చేసుకున్న అలవాటది. ఇన్నేళ్ల ఉద్యోగంలో దాన్ని ఎవరైనా గమనించారని తెలియలేదు. ఇన్నాళ్లకి ముక్కూమొహం తెలియని ఒకడు చూశాడు.

ఆ సాయంత్రమే జవాబు రాసింది. "ఆ కుర్చీలో కూర్చున్నది నేనే. నర్సుగా చేశాను. మీరు గమనించినందుకు సంతోషం."

అతను నమ్మలేదు. "అయితే చెప్పండి, మూడో భాగంలో ఏ చెయ్యి పట్టుకున్నారు?"

"ఎడమ. కుడిచేతి నరం బాగోలేదు, ఆ నటుడిది."

అక్కడి నుంచి స్నేహం కుదిరింది. ఆ అభిప్రాయం కిందే, అందరూ చూసేలా, కాని ఎవరూ పట్టించుకోనట్టు ఇద్దరూ రాసుకునేవారు. ప్రైవేటుగా ఉత్తరాలు పంపుకునే వీలు ఆ సైటులో లేదు. ఈమెయిలు అడగడం లీలకి మర్యాదగా తోచలేదు. అతనూ అడగలేదు. అతనిది రూర్ వైపు ఏదో ఊరు. చిన్నప్పటి స్నేహితులతో ఈ ఆట ఆడేవాడట. కావలి మాటలు ఎప్పుడూ తనే చెప్పేవాడట. స్నేహితులు పెళ్లిళ్లు చేసుకుని తలో దిక్కూ పోయారు. "నా కావలివాడు కత్తి తిప్పే మూర్ఖుడు. మీ కావలామే నిజమైనది," అని రాశాడు ఒకసారి. మంచం మీద గంటల తరబడి కట్టేసినట్టు పడుకున్నప్పుడు ఒకే భాగం మళ్లీ మళ్లీ చూస్తాడట. అతను నీళ్లు ఎక్కువ తాగకూడదు కదా, దాహమైతే నిమ్మబద్ద చప్పరించమని లీల సలహా ఇచ్చింది. అతను నవ్వుతున్న బొమ్మ పెట్టాడు.

ఆరో భాగం చివర ఒక జబ్బుమనిషి వచ్చి తలుపు కొడతాడు. "నన్ను మీలో ఒకణ్ణి చేయండి, అప్పుడు నేను చావను," అంటాడు బయటినుంచి. కావలామె లేస్తుంది. మొదటిసారి కుర్చీలోంచి లేస్తుంది. గడియ మీద చెయ్యి వేస్తుంది. అక్కడ ఆ భాగం ఆగింది. ఆ వారమే, చూసేవాళ్లు లేరని, ఛానెల్ సీరియల్ ఆపేసింది.

అభిప్రాయాల పేజీలో కొందరు పండగ చేసుకున్నారు. డ్రైమాల్ మాత్రం ఒక్క ప్రశ్నే వేశాడు. "లీల గారూ, ఆమె తలుపు తీసిందా?"

లీలకి జవాబు తెలుసు. ఏడో భాగం రాతప్రతి ఆమె బల్ల సొరుగులో ఉంది. ఆమె తలుపు తీస్తుంది. కాని కాటు వెయ్యదు. బయటికి వచ్చి, తన వెనకే తలుపు మూసి, మెట్ల మీద ఆ మనిషి పక్కన కూర్చుంటుంది. అతని చెయ్యి పట్టుకుంటుంది. తూర్పు తెల్లబడుతుంది. వెలుగు తగిలితే తనకేమవుతుందో ఆమెకి తెలుసు, అయినా లేవదు. ఇద్దరూ కలిసే వెళ్లిపోతారు. ఆ రాత చదివిన రోజు లీల కొత్త బట్టలు కొనుక్కున్న పిల్లలా పొంగిపోయింది. జీవితంలో తను అసలు చెయ్యాలనుకున్న వేషం ఇదేనని అనుకుంది.

కాని ఒప్పంద కాగితం మీద సంతకం ఉంది. ప్రసారం కాని కథ ఎవరికీ చెప్పకూడదు. సహానాకి ఫోన్ చేసి అడిగింది.

"మమా, వెర్‌త్రాగ్ ఇస్ట్ వెర్‌త్రాగ్," అంది సహానా.

"ఒప్పందం ఒప్పందమే, కాదనను. కాని సీరియలే లేదు కదే ఇంక."

"అయినా సరే. రాయకు. కంపెనీని అడుగు. రాతపూర్వకంగా."

లీల కంపెనీకి రాసింది. జవాబు రాలేదు. నిజం చెప్పాలంటే ఆమెని ఆపింది కాగితం ఒక్కటే కాదు. జబ్బుతో ఉన్నవాడికి ఈ ముగింపు చెప్పొచ్చా? బతుకుతాడని చెప్పే కథ కాదే ఇది. ఏం తోచక, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నోటికి అలవాటైన మాటే మళ్లీ వచ్చింది. రిపోర్టు చేతిలో ఉన్నా, అందులో ఏముందో తెలిసినా, నర్సు చెప్పకూడదు. డాక్టరుగారు చెబుతారు అనాలి. లీల డ్రైమాల్‌కి అదే రాసింది. "చెప్పే హక్కు ఉన్నవాళ్లు చెబుతారు. కొంచెం ఓపిక పట్టండి."

మర్నాడు జవాబు వచ్చింది. "మీరు నిజంగానే నర్సు."

ఆ ఒక్క వాక్యం కొరడాలా తగిలింది. ఆ తర్వాత కొన్నాళ్లకి అతను రాసిన ఆఖరి మాటలివి: "నా చేతిలో వేసిన షంట్ మళ్లీ మూసుకుపోయింది. ఇంకో చోట ప్రయత్నిస్తారట. వచ్చే వారం ఆసుపత్రిలో చేరుతున్నాను. ఉత్త టీవీ కథే, తెలుసు. అయినా వెళ్లేలోపు తెలిస్తే బాగుండు."

షంట్ అంటే డయాలసిస్ సూది గుచ్చడానికి చేతి నరాలు కలిపి చేసే దారి, చిన్న ఆపరేషనే. కాని మళ్లీ మళ్లీ మూసుకుపోయే చేతులని లీల చూసింది. ఇక వెతకడానికి నరం మిగలని చేతులనీ చూసింది. కంపెనీకి ఇంకోసారి రాసింది. ఈసారి బతిమాలినట్టు రాసింది.

డిసెంబరు మొదటి శనివారం పొద్దున జవాబు వచ్చింది. "సీరియల్ ఇక లేదు. మీరు ఎవరికి చెప్పినా మాకు అభ్యంతరం లేదు. పండగ శుభాకాంక్షలు." మెయిలు చదువుతుండగానే కింద క్రిస్ కారు హారను మోగింది. ఆ రోజే సహవాసంలో, పండగకి ముందే చేసుకునే సెమీ క్రిస్మస్. ఫోనులో రెండు ముక్కలు గబుక్కున కొట్టెయ్యడం లీలకి ఇష్టం లేకపోయింది. ఇన్నాళ్లు కాచుకున్న మనిషికి కుదురుగా కూర్చుని, తప్పుల్లేకుండా, మెట్ల దగ్గర నుంచి తెల్లవారడం దాకా అంతా రాయాలి. సాయంత్రం వచ్చి రాద్దామనుకుంది. చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ దిగింది. దారంతా మొదటి వాక్యం ఎలా ఉండాలా అని ఆలోచిస్తూనే ఉంది.

"ఏంటాంటీ, సైలెంట్? పెళ్లిచూపులకి పోతున్నట్టున్నారు!" అన్నాడు క్రిస్.

"నోరు మూసుకుని రోడ్డు చూడు."

అద్దెకి తీసుకున్న జర్మన్ చర్చి హాలు. గోడలకి కాగితం నక్షత్రాలు, వెనక వంటగదిలోంచి బిర్యానీ వాసన. పాటలయ్యాయి, వాక్యోపదేశమైంది, కేకు కోశారు. అప్పుడు సాముయేలు మైకు అందుకుని, "మన లీల సిస్టర్ గారిని వేదిక మీదికి రమ్మని మనవి," అన్నాడు. లీలకి ఒక్క క్షణం అర్థం కాలేదు. జనం చప్పట్లు కొడుతూ తోశారు. తెలుగు సంఘం అధ్యక్షుడు గంగాధరరావు ప్రత్యేక అతిథిగా వచ్చి శాలువా కప్పారు. జర్మన్ టీవీలో కనిపించిన మన ఆడబిడ్డ అన్నారు. శాలువా మీద జరీ ఆమె మెడకి గుచ్చుకుంది. సిగ్గు, సంతోషం కలిసి కళ్లలో నీళ్లు తిరిగాయి. రక్తం తాగే పాత్ర అని గొణిగినవాళ్లే ఇప్పుడు ఫోటోలు తీస్తున్నారు.

"ఇంకో సర్‌ప్రైజ్ ఉంది!" అంటూ క్రిస్ మైకు లాక్కున్నాడు. వెనక తెర మీద, అతను ముందే తీసిపెట్టుకున్న వెబ్‌సైటు బొమ్మ పడింది. "ఆంటీ సీరియల్‌కి ఈ జర్మన్లు ఇచ్చిన రేటింగ్ చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. మన ఆంటీని బామ్మంటారా? అందుకే మొన్న మనందరం డిసైడయ్యాం. ఆంటీకి తెలీకుండా ఒక గ్రూపు పెట్టాం. డ్యూసెల్‌డార్ఫ్, కొలోన్, ఫ్రాంక్‌ఫర్ట్, గుంటూరు, హైదరాబాద్... అందరం! నేను రివ్యూ రాసిచ్చా, జర్మన్‌లోకి మార్చి. కాపీ, పేస్ట్, ఫైవ్ స్టార్! నిన్న ఒక్క రాత్రిలో రెండు నుంచి దాదాపు అయిదుకి లేపేశాం. మన హీరో సినిమాకి చేస్తే మన ఆంటీకి చెయ్యమా?"

ఈలలు, చప్పట్లు. తెర మీద ఒకే మాట పైనుంచి కింద దాకా బారులు తీరింది. "అద్భుతమైన నటన. అందరూ తప్పక చూడండి. లీల గారు సూపర్." కింద పేర్లు మాత్రం వేరు వేరు.

లీల కళ్లు ఆ బారుల్లో డ్రైమాల్ పేరు కోసం వెతికాయి. మైకు చేతికిచ్చారు. "మీ ప్రేమకి వందనాలు," అంది. మైకు తిరిగి ఇచ్చేసింది. సంతోషంతో మాట రాలేదనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

బిర్యానీ పళ్లెం ముందు పెట్టుకుని, శాలువా చాటున ఫోను తీసి పేజీ తెరిచింది. ఆల్ట్‌బ్లూట్ పేరు ఉంది. కింద నక్షత్రాల చోటు ఖాళీగా ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో ఒక ప్రకటన. "అసాధారణ సంఖ్యలో నకిలీ అభిప్రాయాలు వచ్చినందువల్ల ఈ శీర్షిక కింది అభిప్రాయాలన్నీ తొలగించాం. ఈ పేజీ తాత్కాలికంగా మూసివేయబడింది."

అన్నీ. బ్యాంకు గుమాస్తాలు, టీ అడిగే బామ్మ, ఎడమ చెయ్యి, నిమ్మబద్ద, తలుపు తీసిందా, అన్నీ.

"ఆంటీ, రైతా వేసుకోండి. చప్పగా తింటున్నారేంటి?" ఎవరో గరిటతో వచ్చారు. లీల పళ్లెం చాపింది. వేసుకుంది. తింది. ఈ హాల్లో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? వీళ్లలో ప్రతి ఒక్కరూ ఆమె కోసం పని మానుకుని, తెలియని భాషలో ఖాతా తెరిచి, ఆమె పేరు రాశారు. నాయుడుపేట సందులో కూడా ఇంతమంది ఆమె పేరు ఎప్పుడూ పలకలేదు.

సోమవారం సైటువాళ్లకి మెయిలు రాసింది. తను ఎవరో, డ్రైమాల్ ఎవరో, అతనికి ఒక్క వాక్యం అందిస్తే చాలని వివరించింది. మర్యాదగానే జవాబు వచ్చింది. దాటెన్‌షుట్స్, అంటే వ్యక్తిగత వివరాల రక్షణ నియమాల వల్ల ఒక సభ్యుడి వివరాలు ఇంకొకరికి ఇవ్వలేం, సందేశాలూ చేరవేయలేం. లీలకి ఆ నియమం మీద కోపం రాలేదు. ఫలానా పేషెంటు మీ దగ్గరున్నాడా అని ఎవరెవరో ఫోన్ చేసినప్పుడు ఆమె కూడా ఇదే గొంతుతో ఇదే జవాబు చెప్పేది. రూర్ వైపు డయాలసిస్ కేంద్రాల్లో పాత స్నేహితురాళ్లున్నారు. ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేసింది. పేరు కూడా తెలియని మనిషి గురించి ఏమని అడగాలి? అడిగితే మాత్రం వాళ్లెందుకు చెప్పాలి?

ఆ వారాంతం క్రిస్ వచ్చాడు. పేజీ మూసేశారని అతనికి అప్పుడే తెలిసింది. కోపంగా ఉన్నాడు.

"చూశారా ఆంటీ, వీళ్ల పార్షియాలిటీ! మనవాళ్లు రాస్తే ఫేకంట!"

"కూర్చో క్రిస్," అంది లీల. కూర్చోబెట్టి అంతా చెప్పింది. డ్రైమాల్ సంగతి, తలుపు సంగతి, తను ఓపిక పట్టమన్న సంగతి, శనివారం పొద్దున వచ్చిన మెయిలు సంగతి. గొంతు పెంచలేదు. చెబుతూ ఉంటే క్రిస్ ముఖంలో రంగు దిగిపోయింది. టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"నాకు తెలీదాంటీ. ప్రామిస్, నాకు తెలీదు."

"నీకెలా తెలుస్తుంది? నేను ఎవరికి చెప్పాను గనక."

"మనం వెతుకుదాం. అన్ని గ్రూపుల్లో పెడతా. ఆట ఆడేవాళ్ల ఫోరమ్స్ ఉంటాయి, వాటిల్లో పోస్ట్ చేస్తా. హ్యాష్‌ట్యాగ్..."

"వద్దు," అంది. మాట కాస్త కటువుగానే వచ్చింది. "ఆసుపత్రి మంచం మీదున్నవాడి మీదికి ఊరంతా దండెత్తుతుందా? వద్దు నాయనా."

క్రిస్ తల దించుకున్నాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు. "ఇంతకీ ఆవిడ తలుపు తీసిందా, ఆంటీ?"

"అది అతనికి చెప్పాల్సిన మాట. నీకు చెప్పేస్తే, చెప్పేశాను కదా అని నా మనసు తేలికైపోతుందేమోనని భయంగా ఉంది," అంది లీల.

మార్చిలో పేజీ మళ్లీ తెరిచారు. ఖాళీగా. 'మొదటి అభిప్రాయం మీదే కావచ్చు' అని ఉంది. ఎవరూ రాయలేదు. చచ్చిపోయిన సీరియల్ గురించి ఎవరికి పట్టింది? లీల ఒక మధ్యాహ్నం బల్ల ముందు కూర్చుంది. డిసెంబరు నుంచీ మనసులో తిప్పుకున్న వాక్యాలు ఒక్కటీ సరిగా కుదరలేదు. చివరికి మామూలుగానే రాసింది.

"ఆమె తలుపు తీసింది. కాటు వెయ్యలేదు. బయటికి వచ్చి మెట్ల మీద అతని పక్కన కూర్చుంది. తెల్లవారేదాకా చెయ్యి వదల్లేదు. ఈ మాట నేను ముందే చెప్పాల్సింది. నాకు తెలిసి కూడా చెప్పలేదు. క్షమించండి. లీల."

నక్షత్రాలు ఇవ్వందే రాసింది అచ్చుకాదని సైటు మొరాయించింది. సీరియల్ బాగోలేదని అతనే అన్నాడు, ఆమెకీ అదే అనిపించింది. మూడిచ్చింది.

ఆ అభిప్రాయం కింద ఒక ప్రశ్న ఉంటుంది, 'ఇది మీకు ఉపయోగపడిందా' అని. చదివినవాళ్లు అవునని నొక్కితే లెక్క పడుతుంది. లీల రోజూ అన్నం తిన్నాక చూసేది. సున్నా. మర్నాడూ సున్నా. ఏప్రిల్ వచ్చింది, వీధిలో చెర్రీ చెట్లు పూసి రాలిపోయాయి, సున్నా. అతను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడో లేదో, వచ్చినా ఈ పేజీ మళ్లీ తెరుస్తాడో లేదో. బతికున్నాడో లేదో అనే మాట దగ్గర మాత్రం ఆమె ఆలోచన ఆగిపోయేది. గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయినట్టు.

ఒక ఆదివారం పొద్దున కూడికకి బయల్దేరే ముందు చూస్తే, ఒకటి.

కుర్చీ లాక్కుని కూర్చుంది. పేజీ మూసి మళ్లీ తెరిచింది. ఒకటే. కింద హారను మోగింది, ఆ తర్వాత క్రిస్ పైకి వచ్చి తలుపు కొట్టాడు. ఆమె ఫోను చేతిలో పట్టుకునే తలుపు తీసింది.

"క్రిస్, ఎవరో చదివారు రా. ఉపయోగపడిందని నొక్కారు. ఇదిగో!"

ఆమె గొంతులో అంత సంతోషం క్రిస్ ఎప్పుడూ వినలేదు. అతను ఫోను వంక చూడలేదు. చెప్పుల వంక చూశాడు. ఆ ఒక్క చూపుతో లీలకి అర్థమైంది. పేషెంట్ల బంధువుల ముఖాలు చదివిన కళ్లవి.

"నువ్వా?"

"సున్నా అలా ఉంటే చూడలేకపోయానాంటీ," అన్నాడు. "ఎవరికీ చెప్పలేదు. నేనొక్కణ్ణే. తీసెయ్యమంటారా? తీసెయ్యొచ్చు, ఇంకోసారి నొక్కితే పోతుంది."

లీల ఫోను తెర ఆర్పేసి సంచిలో వేసుకుంది. గోడకి చెయ్యి ఆనించి చెప్పులు వేసుకుంది. తాళం తీసుకుంది.

"వద్దులే, ఉండనీ," అంది. "నువ్వూ అడిగావు కదా ఆ రోజు, తలుపు తీసిందా అని."

మెట్లు దిగుతున్నప్పుడు క్రిస్ చెయ్యి అందించాడు. ఆమె పట్టుకుంది. కారెక్కేదాకా వదల్లేదు.